పీఓపీ పలక మీద గీరి తీసే యానిమేషన్: పూత పెచ్చులూడుతోంది, తెలుపు బూడిదవుతోంది

సూదిమొన అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. పోలండ్ దర్శకుడు ప్యోత్ర్ దుమావా పద్ధతిలో ఒక పరీక్ష షాట్ చేస్తున్నాను. ప్లాస్టర్ పలకకు ముదురు రంగు పూసి, సూదితో గీరి బొమ్మ తేలుస్తాం, ఫొటో తీస్తాం. కదిలిన చోట రంగు పూసి మూసేసి, కొత్త స్థానంలో మళ్లీ గీరతాం. షాట్ 10 సెకన్లు. ఒక చెయ్యి మెల్లగా పిడికిలి బిగిస్తుంది, అంతే.

పలక 30×40 సెంటీమీటర్లు, ఒక సెంటీమీటరు మందం. ఫాల్స్ సీలింగ్ పనికి వాడే పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్). పోసిన మూడో రోజు పని మొదలైంది. మీద నల్ల అక్రిలిక్ రెండు పూతలు, అడుగున ఏమీ లేదు.

సమస్యలు మూడు. గీత సన్నగా రావడం లేదు, పూత పక్కలకు పెచ్చుపెచ్చుగా లేచిపోతోంది. 15, 20 ఫ్రేములు దాటేసరికి గీరిన చోట తెలుపు రాకుండా మురికి బూడిద రంగు వస్తోంది. కంప్యూటర్‌లో ఆడించి చూస్తే నల్లటి భాగమంతా మినుకుమినుకుమంటోంది. దుమావా సినిమాల్లోనూ నలుపు కదులుతుంది కానీ అది ఊపిరి తీసినట్టుంటుంది, ఇక్కడ ట్యూబ్‌లైటు పాడైనట్టుంది. తప్పు ఎక్కడ?

సరేసుగిన్నె జవాబు

మీ మొదటి రెండు సమస్యలకు మూలం ఒక్కటే. ప్లాస్టర్‌కూ రంగుకూ మధ్య ఉండాల్సిన జిగురు పూత లేదు. దుమావా వార్సాలో యానిమేషన్‌తో పాటు శిల్పాల పరిరక్షణ కూడా చదివాడు. రాయి, ప్లాస్టర్, జిగురు ఒకదానితో ఒకటి ఎలా ఉంటాయో తెలిసిన చేతి నుంచి పుట్టిన పద్ధతి ఇది. అందుకే ఇందులో బొమ్మ గీయడం కంటే పలక తయారీయే ఎక్కువ పని. ఆయన వరస ప్లాస్టర్, దాని మీద జిగురు, దాని మీద ఆయిల్ రంగు. మీరు మధ్యది వదిలేశారు, పైది మార్చేశారు.

అక్రిలిక్ ఆరాక ప్లాస్టిక్ పొర అయిపోతుంది. సూది దాన్ని కోయదు, లాగుతుంది. లాగినప్పుడు అంచు చిరుగుతుంది, అవే మీ పెచ్చులు. ఆయిల్ రంగు పైపైన ఆరి లోపల ఇంకా మెత్తగా ఉన్న దశలో సూది కింద చిన్న చుట్టలా లేస్తుంది, అంచు నిలుస్తుంది.

ముందు పలక. మందం ఒక సెంటీమీటరు చాలదు, 2 చేయండి. 30×40×2 పలకకు పీఓపీ సుమారు 2.2 కిలోలు, నీళ్లు లీటరున్నర. నీళ్లలోకి పీఓపీ వేయాలి గానీ పీఓపీ మీద నీళ్లు పోయకూడదు. జల్లెడ పట్టి గుప్పెడు గుప్పెడుగా చల్లుతూ పోండి. చివరి గుప్పెడు దానంతటదే తడిసి మునిగేదాకా రెండు నిమిషాలు ముట్టుకోవద్దు. తర్వాత చెయ్యి పూర్తిగా అడుగుకు పెట్టి కలపండి, గాలి లోపలికి పోనివ్వకుండా. గిలక్కొడితే బుడగలు వస్తాయి. ఆ బుడగ ఒక్కటి సూది దారిలో పడితే ఆ ఫ్రేములో బొమ్మ మీద గుంట కనిపిస్తుంది, దాన్ని మళ్లీ దాచలేం.

పోత శుభ్రమైన అద్దం మీద పోయండి. అద్దానికి నూనె రాయవద్దు. నూనె ప్లాస్టర్ ముఖానికి అంటి, ఆ మచ్చ మీద జిగురు పట్టదు. శుభ్రమైన అద్దం నుంచి పలక తనంతట తానే విడుస్తుంది. సగం పోశాక గోనెపట్టా ముక్క పరిచి మిగతా సగం పోస్తే పలక పగలదు.

ఆరబెట్టడంలోనే చాలామంది తొందరపడతారు. గట్టిపడడం వేరు, ఆరడం వేరు. అరగంటలో గట్టిపడుతుంది. కానీ మీరు పోసిన లీటరున్నర నీళ్లలో ప్లాస్టర్ గట్టిపడడానికి పట్టేది 400 మిల్లీలీటర్లే. మిగతా లీటరు పైచిలుకు ఆవిరైపోవాలి. కొత్త పలక 3.7 కిలోలు తూగుతుంది, పూర్తిగా ఆరినది 2.6 దగ్గర నిలుస్తుంది. రోజూ ఒకే వేళకు తూచండి. వరసగా రెండు రోజులు తూకం మారకపోతే ఆరినట్టు. ఫ్యాను కింద నీడలో వారం పట్టవచ్చు, వానాకాలం ఇంకా ఎక్కువ. మన ఎండాకాలం డాబా మీద పెట్టేయాలనిపిస్తుంది, పెట్టవద్దు. పలక వేడి 45 డిగ్రీలు దాటి అలాగే ఉంటే, గట్టిపడేటప్పుడు పట్టుకున్న నీటిని కూడా ప్లాస్టర్ వదలడం మొదలుపెడుతుంది, పైపొర పిండిలా రాలుతుంది. మీరు మూడో రోజే రంగు వేశారు కాబట్టి లోపలి తడి పూతను కిందనుంచి నెడుతూనే ఉంది.

ఇక జిగురు. వడ్రంగులు ఒకప్పుడు వాడిన సరేసు, 10 గ్రాములు, 120 మిల్లీలీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. 60 డిగ్రీలు దాటనివ్వవద్దు, మరిగితే పట్టు పోతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడే ఒక పూత అడ్డంగా వేసి, ఆరాక రెండోది నిలువుగా వేయండి. పరీక్ష ఏమిటంటే, ఒక నీటి చుక్క వేస్తే నిమిషం పాటు గుండ్రంగా నిలవాలి. వెంటనే ఇంకిపోతే ఇంకో పూత కావాలి. జిగురు చిక్కగా ఉంటే అదొక పొరలా బిగుసుకుని రంగుతో సహా ఊడుతుంది, అది ఇంకా ఘోరం.

రంగు బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ)లో కొంచెం ఐవరీ బ్లాక్ (నలుపు). ట్యూబులోంచి తీసినది నేరుగా పూయవద్దు. పాత న్యూస్‌పేపరు మీద ఒక గంట పరిస్తే అదనపు అవిసె నూనెను కాగితం పీల్చేస్తుంది. మిగిలిన ముద్దలో నాలుగైదు చుక్కల టర్పంటైన్ కలిపి, పొట్టి కుచ్చు బ్రష్‌తో పొడిచినట్టు పూసి, మల్లుగుడ్డతో అద్దండి. ఎంత పలచన అంటే, వేలితో గట్టిగా రుద్దితే అడుగు తెలుపు లీలగా కనపడాలి.

తెలుపు బూడిదవడానికి కారణం ఇప్పుడు అర్థమై ఉంటుంది. సూది రంగుతో పాటు జిగురునూ గీరేస్తుంది. ఆ గీతలోకి మళ్లీ రంగు పూసినప్పుడు అది బట్టబయలైన ప్లాస్టర్‌లోకి ఇంకుతుంది. రెండోసారి అక్కడే గీరితే మరకపడ్డ ప్లాస్టరే బయటికొస్తుంది. దారులు రెండు. మూసే ముందు ఆ గీతల మీద సన్న బ్రష్‌తో పలచటి సరేసు తడిపి ఆరనివ్వాలి. లేదా ప్రతిసారీ వెంట్రుకవాసి లోతుకు వెళ్లాలి, 2 సెంటీమీటర్ల మందం అందుకే. రెండోది చేస్తే పలక మెల్లగా గుంటలు పడుతుంది. గుంటలు ఎక్కువైతే 220 నంబరు గరుకు కాగితంతో మొత్తం సమం చేసి, మళ్లీ జిగురు నుంచి మొదలుపెట్టాలి. అంటే ఆ షాట్ అక్కడితో సరి. షాట్ మధ్యలో పలక మార్చలేం.

సగం నీడలు కావాలంటే సూదితో అడ్డగీతలు గీయడం కంటే అదే గరుకు కాగితం చిన్న ముక్క పెన్సిలు కొసకు అంటించి రుద్దడం మేలు. వెలుగు గింజలు గింజలుగా వస్తుంది.

దీపాలవాడు జవాబు

పలక సంగతి పైన పూర్తిగా చెప్పేశారు. నేను మూడో సమస్యకు వస్తాను, మినుకు.

ఇందులో రెండు మినుకులు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీయాలి. ఏమీ మార్చకుండా పలకను 50 ఫ్రేములు తీసి ఆడించండి. అప్పుడూ మినుకు ఉంటే తప్పు కెమెరాది, దీపాలది. లేకపోతే తప్పు పూతది.

కెమెరా వైపు: ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ అన్నీ మాన్యువల్. అది చాలదు. ఎలక్ట్రానిక్ లెన్స్ ప్రతి ఫొటోకూ ఐరిస్ (లోపలికి వెలుగు వచ్చే రంధ్రం) మూసి తెరుస్తుంది, ప్రతిసారీ సరిగ్గా అంతే మూయదు. ఐరిస్ రింగు చేత్తో తిప్పే పాత లెన్స్ అడాప్టర్‌తో పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం వెలుగు సెకనుకు 100 సార్లు కొట్టుకుంటుంది. షట్టర్ 1/5 సెకను పెడితే ఒక్కో ఫ్రేములోకి 20 కొట్టుకోవడాలు వస్తాయి కాబట్టి తేడా సమమైపోతుంది. 1/125 లాంటి వేగం పెడితే అది మినుకై బయటపడుతుంది. ఓల్టేజి సాయంత్రం పడిపోయే చోట దీపాలకు స్టెబిలైజర్ తప్పనిసరి. గది కిటికీలు మూయండి, తెల్ల చొక్కా వేసుకోవద్దు. పలక మీద ఆయిల్ రంగు అద్దంలాంటిది, మీ చొక్కా ఒక ఫ్రేములో మెరిసి ఇంకో ఫ్రేములో మెరవదు.

పూత వైపు: కొత్తగా పూసిన చోట తడి మెరుపు, పాత చోట మాసిన మెరుపు. రంగు ఒకటే అయినా కెమెరాకు రెండు నలుపులు. దీపాలు రెండు వైపులా 45 డిగ్రీల్లో పెట్టి, రెండింటి ముందూ పోలరైజింగ్ షీటు (మెరుపును ఆపడానికి వాడే ఫిల్టరు) ఒకే దిక్కుగా తగిలించండి. లెన్స్ మీద పోలరైజర్ పెట్టి, మెరుపు మాయమయ్యేదాకా తిప్పండి. వెలుగు చాలా తగ్గుతుంది, ఎలాగూ 1/5 సెకను వాడుతున్నాం కాబట్టి ఇబ్బంది లేదు. దీపం ఒక్క పక్కనుంచే వాలుగా పడితే గీత లోతు, పాత గుంటలు అన్నీ నీడలై కనిపిస్తాయి. కొందరికి అదే కావాలి, కానీ తెలిసి చేయాలి.

మీరు అడిగిన ఊపిరి మాత్రం దీపాలతో రాదు, పూసే హద్దుతో వస్తుంది. గీత ఎంత ఉంటే అంతే పూస్తే ఆ గీత దయ్యంలా రెండు మూడు ఫ్రేములు వెంటాడుతుంది. గీత చుట్టూ వేలెడు వెడల్పు దాకా పూసి అంచులు గుడ్డతో కలిపేస్తే నలుపు మొత్తంగా కదులుతుంది. దుమావా 'వాగొద్నా' (1985), 'ఫ్రాంజ్ కాఫ్కా', 2000లో వచ్చిన అరగంట 'నేరము–శిక్ష' చూడండి. ఫ్రేములో ముప్పాతిక భాగం చీకటి, వెలుగు ఒక ముఖం మీదో తలుపు సందులోనో. చీకటి కథకు సరిపోయింది, నిజమే. చేతికీ అదే సరిపోయింది. అరచేయంత చోటే కదిలితే అరచేయంతే గీరాలి, అంతే మూయాలి.

లెక్క చూసుకోండి. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములు పట్టి ఉంచితే 12 బొమ్మలు. మీ 10 సెకన్లకు 120. ఒక్కో బొమ్మకు పది నిమిషాలు పడితే 20 గంటల పని. మధ్యలో రంగు ఆరిపోతుంది. అందుకే షాట్‌ను రోజుకు 4 సెకన్లు దాటకుండా, రోజు చివర పాత్ర ఒక క్షణం నిలిచే చోట ఆగేలా ముందే కోసుకోవాలి. రాత్రి ఆగిన చోట నలుపు తేడా కదలని క్షణంలో పడితే కన్ను పట్టదు, కదలిక మధ్యలో పడితే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇంకొకటి. గీరిన పొడిని నోటితో ఊదవద్దు. తడి రంగు మీద పడి తెల్ల చుక్కలవుతాయి, మీ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. మాస్కు పెట్టుకుని చిన్న వాక్యూమ్‌తో లాగేయండి.

సూదిమొన

ఇద్దరికీ చాలా థాంక్సండి. కదలని పలక తీసి చూశాను, మినుకు లేదు. అంటే తప్పు పూతదే. కొత్త పలక పోస్తున్నాను.

ఇంకో ప్రశ్న. అసలు కెమెరానే లేకుండా ఫిల్మ్ మీదే గీరిన పోలండ్ దర్శకుడు ఆంతొనిష్ పద్ధతికి ఇదే సూది, ఇదే చెయ్యి సరిపోతుందా? పాత 35 ఎంఎం రీళ్లు దొరికే అవకాశం ఉంది.

నాలుగు రంధ్రాలు జవాబు

సూది సరిపోతుంది, చెయ్యి సరిపోదు. ఎందుకో కొలిచి చూద్దాం. 35 ఎంఎం ఫ్రేములో బొమ్మ వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు. పది మీటర్ల తెర మీద అది 450 రెట్లు పెద్దదవుతుంది. మీ సూది ఒక్క మిల్లీమీటరు పక్కకు పోతే తెర మీద 45 సెంటీమీటర్లు దూకుతుంది. ప్రతి ఫ్రేములోనూ ఇలా దూకుతుంటే ముఖం ముఖంలా నిలవదు. అందుకే ఫిల్మ్ మీద నేరుగా గీసే సినిమాలు ఎక్కువగా చుక్కలు, గీతలు, రంగుల ఆటగానే ఉండిపోతాయి.

క్రాకోవ్‌కు చెందిన యూలియన్ ఆంతొనిష్ దానికి ఒప్పుకోలేదు. మనుషులు, మాటలు, కథ, వార్తలు అన్నీ కెమెరా లేకుండానే కావాలనుకున్నాడు. 1977లో కెమెరా లేని సినిమా గురించి మానిఫెస్టో రాశాడు. 1981 నుంచి 1986 దాకా 'పోలిష్ నాన్-కెమెరా క్రానికల్' పేరిట 12 వార్తాచిత్రాలు తీశాడు. అది సాధ్యపడింది ఆయన సొంతంగా కట్టుకున్న యంత్రాల వల్ల. వాటిలో పాంటోగ్రాఫ్ ముఖ్యం. పెద్ద బొమ్మ మీద ఒక కొస నడిపిస్తే, రెండో కొస అదే బొమ్మను ఫిల్మ్ మీద చిన్నగా గీరుతుంది.

మీరు కట్టుకోవాలంటే నాలుగు అల్యూమినియం పట్టీల సమాంతర చట్రం చాలు. బిగించిన ఇరుసు, ఫిల్మ్ మీది సూది, చేతిలోని కొస, ఈ మూడూ ఎప్పుడూ ఒకే సరళరేఖలో ఉండాలి. ఇరుసు నుంచి సూదికి 6 సెంటీమీటర్లు, చేతి కొసకు 60 అయితే పదో వంతు తగ్గింపు. 22 సెంటీమీటర్ల బొమ్మ 22 మిల్లీమీటర్లవుతుంది. చేతి తప్పు ఒక మిల్లీమీటరైతే తెర మీద నాలుగున్నర సెంటీమీటర్లే, దాన్ని కన్ను ఓర్చుకుంటుంది.

అయితే ఒక మోసం ఉంది. పాంటోగ్రాఫ్ చేతి తప్పును తగ్గిస్తుంది గానీ కీలు వదులును తగ్గించదు. సూదికి దగ్గరి కీలు పావు మిల్లీమీటరు వదులుగా ఉంటే అది దాదాపు అంతా ఫిల్మ్ మీద పడుతుంది. కాబట్టి అక్కడ బోల్టు, వాషరు వద్దు, బేరింగ్ పెట్టండి. సూదిని ఎత్తి దించే చిన్న మీట కూడా కావాలి, లేకపోతే ఒక గీత నుంచి ఇంకో గీతకు పోయే దారి కూడా బొమ్మలో పడుతుంది.

ఫిల్మ్ బిగింపు పిన్నులతోనే. ఒక ఫ్రేముకు పక్కకు నాలుగు రంధ్రాలు, ఫ్రేము నుంచి ఫ్రేముకు 19 మిల్లీమీటర్లు. రంధ్రం 2.8×1.98 మిల్లీమీటర్లు. పిన్ను దానికి సరిగ్గా సరిపడకపోతే అంత కష్టపడి కట్టిన యంత్రం వృథా.

ఇక ఫిల్మ్. పాత రీలు డబ్బా తెరవగానే పులిసిన వెనిగర్ వాసన గుప్పున కొడితే వదిలేయండి. అది కుంచించుకుపోయి ఉంటుంది, పిన్నుల మీద కూర్చోదు. 1950ల తొలినాళ్లకు ముందుది అయితే సులువుగా అంటుకునే నైట్రేట్ ఫిల్మ్ కావచ్చు, దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే ప్రమాదం. ఎమల్షన్ (బొమ్మ ఉండే జెలటిన్ పొర) వైపు ఏదో తెలియాలంటే వాడని అంచును తడి పెదవికి తాకించండి, అంటుకున్నదే ఎమల్షన్. అటే గీరాలి.

నల్లటి కలర్ ప్రింటు ఫిల్మ్ దొరికితే అదృష్టమే. పైపొర మాత్రమే లేస్తే ఆకుపచ్చ, ఇంకొంచెం లోతుకు పసుపు, పూర్తిగా పోతే తెలుపు. పొరల వరసే అంత. పైనున్న మెజెంటా పోగానే కింద సయాన్ (లేత నీలం), పసుపు కలిసి ఆకుపచ్చగా కనిపిస్తాయి. సూది కింద బరువు మారిస్తే రంగు మారుతుంది. పొడి ఎమల్షన్ చిట్లుతుంది, తడి స్పాంజి ఒకసారి ఆడిస్తే మెత్తబడుతుంది. ఎక్కువ తడిస్తే జెల్లీలా జారిపోతుంది.

ధ్వనినీ ఆయన ఫిల్మ్ మీదే చేత్తో గీసేవాడు. సౌండ్ అంచు వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు. సెకనుకు 456 మిల్లీమీటర్ల ఫిల్మ్ నడుస్తుంది కాబట్టి ఫ్రేముకు 10 అడ్డగీతలు గీస్తే 240 హెర్ట్జ్. 440 కావాలంటే గీతల మధ్య 1.04 మిల్లీమీటర్లు. గీతలు దగ్గరైతే స్వరం పైకి, ఒక్కో గీత అడ్డంగా పొడవైతే శబ్దం పెద్దది. ఒక్క గీత తప్పినా 'టప్' మంటుంది. శబ్దం బొమ్మకంటే 21 ఫ్రేములు ముందుగా ఉంటుందని మరవవద్దు, తలుపు కొట్టిన చప్పుడు తలుపు పక్కనే గీస్తే వేళ తప్పుతుంది.

ప్రొజెక్టర్ లేకపోతే కెమెరాకు మాక్రో లెన్స్ పెట్టి, వెనక తెల్లటి లైట్ ప్యానెల్‌తో ఒక్కో ఫ్రేమూ తీయండి. సౌండ్ అంచు కూడా ఫ్రేములోకి రానివ్వండి.

సరేసుగిన్నె

పై జవాబుకు ఒక మాట జోడిస్తాను. బొమ్మ ఉన్న రీలును ఖాళీ పారదర్శక ఫిల్మ్ చేయాలని కొందరు బట్టల బ్లీచ్‌లో ముంచుతారు. జెలటిన్ మొత్తం కరిగిపోతుంది, నిజమే, కానీ ఆ తర్వాత గీరడానికి ఏమీ మిగలదు. ఆ ఫిల్మ్ మీద ఇంకుతో గీయడమే దారి. అంతకంటే ముందు ఆ రీలు ఏ సినిమాదో చూడండి. పాత తెలుగు సినిమా ప్రింటు అయితే అది ఎక్కడా మిగలని ప్రతి కావచ్చు. ట్రైలర్ ముక్కలు, ఖాళీ లీడర్ (రీలు మొదట్లో ఉండే బొమ్మలేని ఫిల్మ్) మాత్రమే వాడండి.

ఉప్పుకల్లు జవాబు

పలక ఆరేలోగా చెయ్యి ఊరుకోకపోతే, పోలండ్ నుంచే ఇంకో రెండు పద్ధతులు, చవకలో.

ఒకటి స్తెఫాన్, ఫ్రాంచిష్కా తెమెర్సన్ దంపతులు 1930లో 'ఆప్తెకా'కు వాడిన పద్ధతి. ఆ సినిమా ఇప్పుడు లేదు, పద్ధతి మిగిలింది. అద్దం మీద పలచటి ట్రేసింగ్ కాగితం, దాని మీద వస్తువులు, కెమెరా కిందనుంచి పైకి చూస్తుంది. వస్తువులు కదలవు, పైనున్న దీపాన్ని ఫ్రేము ఫ్రేముకూ జరుపుతాం. నీడలు సాగుతాయి, ముడుచుకుంటాయి. దీపం ఒక్కటే, చిన్నదిగా ఉండాలి. వెడల్పాటి ప్యానెల్ పెడితే నీడ అంచు అలుక్కుపోతుంది. కాగితం కింద మీ కెమెరా ప్రతిబింబం అద్దంలో కనపడకుండా లెన్స్ చుట్టూ నల్లగుడ్డ కట్టండి.

రెండోది రంగు ఉప్పు. పొజ్నాన్‌లో పనిచేసిన అలెక్సాంద్రా కొరెయ్‌వో ఉప్పును ఈకతో జరుపుతూ తీసింది. నల్లటి బల్ల మీద ఉప్పు, పైన కెమెరా. ఇక్కడ తప్పు జరిగేది గాలితో. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీరు పీల్చుకుని గింజలు ఒకదానికొకటి అంటుకుంటాయి, ఈక కింద ముద్దలుగా కదులుతాయి. విశాఖలోనో మచిలీపట్నంలోనో వానాకాలం కిటికీ తీసి ఈ పని చేయలేరు. ఏసీ వేసి తేమ 60 లోపు ఉంచండి. అయితే ఏసీ గాలి బల్ల మీదికి రాకూడదు. ఉప్పుకు రంగు నీళ్లతో కలపవద్దు, కరిగిపోతుంది. స్పిరిట్‌లో కరిగే రంగు వేసి, పళ్లెంలో పలచగా పరిచి ఆరబెట్టి, చాయ్ జల్లెడతో రెండుసార్లు జల్లించండి.

సూదిమొన

పలక పోసేశాను. గోనెపట్టా పెట్టాను, బుడగలు రెండే కనిపిస్తున్నాయి, రెండూ అంచుకే. తూకం 3.68. ఆరాక నీటి చుక్క పరీక్ష ఫొటో ఇక్కడే పెడతాను. సరేసు దొరకకపోతే తెల్ల ఫెవికాల్ పలచన చేసి వాడవచ్చా?

సరేసుగిన్నె

ఆపద్ధర్మంగా వాడవచ్చు. ఒక వంతు ఫెవికాల్‌కు ఎనిమిది వంతుల నీళ్లు, ఒకే పూత. కాకపోతే గీసినచోట మళ్లీ తడిపి మూయడం కష్టం. సరేసు గోరువెచ్చని తడికి మళ్లీ కరిగి పాత పూతలో కలిసిపోతుంది, ఫెవికాల్ కలవదు, అంచు కడుతుంది. ఆ అంచు 30వ ఫ్రేము దగ్గర కనపడుతుంది. 12 బొమ్మల పరీక్షకు ఫెవికాల్ చాలు, 120కి సరేసే వెతకండి. పాత వడ్రంగి సామాను దుకాణాల్లో అడగండి, పలకలుగానో గుళికలుగానో ఉంటుంది.